డెల్ఫీలో ఒక రాత్రి ఉండాల్సిందే

గ్రీసులో అపోలో దేవుడి గుడికీ, అక్కడ చెప్పే జోస్యాలకూ పేరుపడ్డ ప్రాచీన క్షేత్రం డెల్ఫీని నాలుగేళ్ల కిందట మొదటిసారి చూసినప్పుడు, ఏథెన్స్‌లో ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి చేర్చే ఒక్కరోజు టూరులో వెళ్లాను. దూరం దాదాపు 180 కిలోమీటర్లు. రానూ పోనూ ఆరు గంటలు బస్సులోనే గడిచిపోగా, దారిలో బొమ్మల దుకాణం దగ్గర నలభై నిమిషాలు ఆపిన గైడు మ్యూజియానికి ఇచ్చింది ముప్పై అయిదు నిమిషాలే. ఆ వెలితి మనసులో ఉండిపోయింది గనుక, ఈసారి మే నెలలో నాన్నగారిని తీసుకువెళ్లినప్పుడు టూరు జోలికి పోకుండా అక్కడే ఒక రాత్రి ఉండేలా ఏర్పాటు చేసుకున్నాను.

ఏథెన్స్‌లోని లియోసియోన్ బస్టాండు నుంచి కేటీఈఎల్ అనే, ఊళ్ల మధ్య తిరిగే బస్సులో మూడు గంటల ప్రయాణం. బస్సు వేళకు కదిలింది, శుభ్రంగా ఉంది. లివాడియా దాటాక పర్నాసస్ కొండల మలుపులు మొదలవుతాయి కాబట్టి కడుపులో తిప్పే అలవాటున్నవారు ముందు సీట్లు పట్టుకోవడం మేలు. డెల్ఫీకి పది కిలోమీటర్ల ముందు వచ్చే అరాహోవా చక్కని ఊరే గానీ, అక్కడ బస చేస్తే పొద్దున్నే నడిచి శిథిలాల దగ్గరకు చేరుకోలేరు. డెల్ఫీ ఊరి నుంచైతే పది పదిహేను నిమిషాల నడక. మా హోటలు వాళ్లు లోయ కనిపించే గది అని చెప్పి వీధివైపు గది ఇచ్చారు. అడిగితే మార్చడం కుదరదన్నారు. లోయవైపు గదుల నుంచి ఇటెయా సముద్రతీరం దాకా ఆలివ్ తోటలు పరుచుకుని కనిపిస్తాయి, కాబట్టి ఆ మాట ముందే రాతలో తీసుకోండి. వీధికీ వీధికీ మధ్య నిటారు మెట్లున్నాయని కూడా, మోకాళ్ల నొప్పులున్నవారు గుర్తుంచుకోవాలి.

ఉదయం 8 గంటలకు గేటు తీసేసరికి అక్కడ పదిమందికి మించి లేరు. ఏథెన్స్ బస్సులు వచ్చేలోగా మాకు రెండు గంటలకు పైగా ప్రశాంతంగా దొరికింది. వంకరలు తిరుగుతూ ఎక్కే రాతిబాట పక్కన, ఒక్కో నగరం తన కానుకలను దాచుకోవడానికి కట్టుకున్న చిన్న మందిరాల పునాదులున్నాయి. ఏథెన్స్ వారి మందిరాన్ని మాత్రం ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు గత శతాబ్ది ఆరంభంలో పడిపోయిన రాళ్లతోనే తిరిగి నిలబెట్టారు. అపోలో ఆలయపు అరుగును మోసే గోడ దగ్గర మాత్రం ఎవరూ ఆగడం లేదు, అది నాకు ఆశ్చర్యం. వంపులు తిరిగిన అంచులతో ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆ రాళ్లనిండా సన్నని అక్షరాలున్నాయి, ఎండ ఏటవాలుగా పడే ఆ వేళలోనే అవి స్పష్టంగా తేలతాయి. వాటిలో అత్యధికం బానిసల విడుదల పత్రాలు: యజమాని బానిసను అపోలోకు అమ్మినట్టు రాయించి, ఆ విధంగా స్వేచ్ఛ ఇచ్చేవాడు.

ఇప్పుడు కనిపించే ఆలయం క్రీ.పూ. 373 నాటి విపత్తులో పాతది కూలాక కట్టినది. నిలబెట్టిన స్తంభాలు ఆరు. పిథియా అనే పూజారిణి ముక్కాలిపీట మీద కూర్చుని దేవుడి మాట పలికేదని నేను చెబుతుంటే, సికింద్రాబాదులో పుట్టి పెరిగిన నాన్నగారు, “అంటే మన లష్కర్ బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పినట్టన్నమాట” అన్నారు. అంతకంటే మంచి వివరణ ఏ గైడూ ఇవ్వలేదు. దాదాపు 5,000 మంది పట్టే రంగస్థలం దాకా ఆయన వచ్చి, నాగార్జునసాగర్ దగ్గరి అనుపులో చూసిన మెట్ల మండపాన్ని తలుచుకున్నారు. అక్కడ జలాశయం వస్తోందని కట్టడాలను తరలిస్తే, ఇక్కడ 1892లో పెద్ద తవ్వకాలు మొదలవడానికి శిథిలాల మీదున్న కాస్త్రి అనే ఊరినే పక్కకు జరిపారు. మేము బస చేసింది ఆ జరిపిన ఊళ్లోనే. ఆపైనున్న స్టేడియానికి నేనొక్కడినే ఎక్కాను. దారిలో నీళ్లు దొరకవు, నీడ తక్కువ.

మ్యూజియానికి విడిగా టిక్కెట్టు అక్కర్లేదు, ఒకటే రెండింటికీ చెల్లుతుంది. ఎండ ముదిరాక లోపలికి వెళ్లాం. నాక్సోస్ ద్వీపం వారి స్ఫింక్స్ (సింహం ఒంటికి స్త్రీ తల, రెక్కలు ఉన్న విగ్రహం), సిఫ్నోస్ ద్వీపం వారి మందిరపు శిల్పఫలకాలు, వెండి రేకులు తాపిన ఎద్దు, అన్నీ చూడదగినవే. కానీ చివరి గదుల్లో ఉన్న కంచు రథసారథి దగ్గర మేము అరగంట నిలబడ్డాం. 1896లో దొరికిన ఈ విగ్రహం ఎత్తు 1.8 మీటర్లు. ఎడమ చేయి లేదు, రథమూ గుర్రాలూ ముక్కలుగానే మిగిలాయి. వంగి చూస్తే కంటిరెప్పల వెంట్రుకలు సన్నని లోహపు పోగులుగా విడివిడిగా కనిపిస్తాయి. పాదాల మీద నరాలు కూడా తేలి ఉన్నాయి. రథంలో నిలబెట్టినప్పుడు ఆ పాదాలు కింద నుంచి చూసేవారికి కనిపించే అవకాశమే లేదు.

వివరాల పలకలు బాగానే ఉన్నాయి గానీ కూర్చునే బల్లలు చాలలేదు. భోజనానికి శాకాహారులు హోర్తా అడగవచ్చు: ఉడికించిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం. పోపు లేని ఆకుకూరకు నాన్నగారు పెదవి విరిచారు, కాల్చిన ఫోర్మాయెలా జున్ను మాత్రం రెండోసారి తెప్పించుకున్నారు.

సాయంత్రం కాస్టాలియా ఊట దాటి, అథీనా గుడి ప్రాంగణంలోని గుండ్రటి కట్టడాన్ని రోడ్డు మీద నుంచే చూశాం. కిందికి దిగితే మళ్లీ ఎక్కాలని నాన్నగారు పిట్టగోడ మీద కూర్చుండిపోయారు. ఒకప్పుడు చుట్టూ ఇరవై స్తంభాలుండేవి, ఇప్పుడు మూడు నిలబడి ఉన్నాయి. టూరు బస్సులన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. లోయలోంచి మేకల మెడగంటలు వినిపించాయి.