పుతిన్‌ను రెండో నికొలస్‌తో పోల్చొచ్చా?

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచీ పుతిన్‌ను రష్యా చివరి జార్ (చక్రవర్తి) రెండో నికొలస్‌తో పోల్చడం మామూలైపోయింది. ఈ పోలిక సగమే అతుకుతుందని నా ఉద్దేశం.

అతికే సగం, చుట్టూ ఉన్నవాళ్ల భయం. 2022 ఫిబ్రవరి 21న క్రెమ్లిన్‌లో జరిగిన భద్రతా మండలి సమావేశాన్ని టీవీలో చూపించారు. విదేశీ గూఢచార సంస్థ అధిపతి నరిష్కిన్ నీళ్లు నమిలాడు. తూర్పు ఉక్రెయిన్‌లోని దొనేత్స్క్, లుహాన్స్క్‌లను స్వతంత్ర దేశాలుగా గుర్తించడం గురించి అడిగితే రష్యాలో కలిపేయడానికి మద్దతిస్తానన్నాడు. మనం మాట్లాడుకునేది అది కాదని పుతిన్ అందరి ముందూ సరిదిద్దాడు. గూఢచారి పెద్దకే ఆ గతి పడితే, ఇక నిజం చెప్పేదెవరు?

నికొలస్ కూడా తనకు నచ్చని మాట విననివాడే. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లో సైన్యాధిపత్యం తనే తీసుకుని, ఓటముల పాపాన్నీ నెత్తికెత్తుకున్నాడు. 1917 మార్చిలో అప్పటి రాజధాని పెట్రోగ్రాద్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) రొట్టె కోసం వీధికెక్కింది, అక్కడి దండు తిరగబడింది. ప్స్కోవ్ నగరంలో రైలు పెట్టెలో ఉన్న జార్‌కు గద్దె దిగిపొమ్మని సేనానుల టెలిగ్రాములే వచ్చాయి. సంతకం పెట్టేశాడు.

ఇక్కడే పోలిక తెగుతుంది. 2023 జూన్‌లో ప్రిగోజిన్ నడిపే వాగ్నర్ కిరాయి సేన పుతిన్ సైనిక పెద్దలపై తిరగబడి మాస్కో వైపు కదిలినా ఒక్కరోజులోనే వెనుదిరిగింది. సైన్యంలో ఏ పెద్ద దళమూ అతనితో కలవలేదు. పుతిన్ సోవియట్ గూఢచార సంస్థ కేజీబీలో పెరిగినవాడు మరి. పైగా జార్‌కు ఈ స్థాయిలో లేని చమురు, గ్యాస్ రాబడి ఉంది, 2036 దాకా పదవిలో ఉండనిచ్చే 2020 రాజ్యాంగ సవరణా ఉంది.