పోషణ్ ట్రాకర్: రోజూ వాడే అంగన్‌వాడీ టీచర్ మాట

2021 మార్చిలో వచ్చిన దగ్గర్నుంచీ గుంటూరులో మా సెంటర్లో పోషణ్ ట్రాకర్ వాడుతున్నాను. పిల్లల, తల్లుల వివరాలు, బరువులు, ఇచ్చే సరుకులు ఎక్కించడానికి కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీలకిచ్చిన యాప్ ఇది. ఎదుగుదల లెక్కకైతే అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. బరువు, ఎత్తు కొట్టగానే బిడ్డ వయసుకు తగ్గట్టు ఉందో లేదో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) కొలతల ప్రకారం అదే తేల్చేస్తుంది. రిజిస్టర్ల కాలంలో చార్టు మీద చుక్క పెట్టి, గీత కలిపి చూసుకునేవాళ్లం. వరసగా రెండు నెలలు బరువు పెరగని బిడ్డ ఇప్పుడు వెంటనే మా కళ్లబడుతోంది.

పిల్లల వివరాల గుట్టు దగ్గరే నాకు పేచీ. రిజిస్టర్ బీరువాలో ఉండేది, తాళం నా దగ్గరుండేది. ఇప్పుడు తల్లి ఆధార్, ఫోన్ నంబరు, ముఖం, బిడ్డ బరువు అన్నీ ఒక్క ఫోన్లో. అయినా యాప్‌లోంచి కాదు, వాట్సాప్‌లోంచే అవి ఎక్కువగా బయటికి పోతున్నాయి. "తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల లిస్టు స్క్రీన్‌షాట్ పెట్టండి" అని పై నుంచి మెసేజ్ వస్తుంది. గ్రూపులో బోలెడుమంది. ఆ లెక్క పై అధికారులకు వాళ్ల లాగిన్‌లోనే కనబడేటప్పుడు మళ్లీ ఈ ఫొటో ఎందుకట? నేను పేర్లు తీసేసి సంఖ్య మాత్రమే పెడతాను. దానికి మాట పడ్డాను కూడా, పర్లేదు.

బరువులు తీసే రోజు ఇంకో గొడవ. తల్లులు గుంపుగా నిలబడతారు. ఫలానా బిడ్డకి లోపం అని వచ్చిందంటే పక్కావిడ తొంగిచూసి వీధంతా చాటేస్తుంది. సాయంత్రానికల్లా అత్తగారు కోడల్ని "పిల్లకి తిండి పెట్టట్లేదా?" అని నిలదీసిన ఇల్లు మా వీధిలోనే ఉంది. అందుకే తూకం మిషన్ గది లోపలికి మార్చి, ఒక్కో తల్లినే పిలుస్తున్నా. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే బాలామృతం లాంటి సరుకులకి ఫేస్ క్యాప్చర్, అంటే తల్లి ముఖం ఫొటో తీసి ఆమేనని సరిచూడటం, తప్పనిసరైంది. సరుకు పక్కదారి పట్టకూడదన్నది మంచి మాటే. కానీ మిర్చి సీజన్లో మా తల్లులు తెల్లారకముందే తొడిమలు తీయడానికి పోతారు. ముఖం కోసం కూలి వదులుకుని వాళ్లు రావాలి, లేదంటే రాత్రిపూట ఫోన్ పట్టుకుని నేను ఇల్లిల్లూ తిరగాలి. ఆధార్‌తో గుర్తింపు సరిచూసే ఈకేవైసీకి ఓటీపీ వెళ్లే నంబరేమో భర్త దగ్గర, ఆయన హైదరాబాద్‌లో. "ఫొటో తీయించుకోనంటే బాలామృతం ఇవ్వరా టీచరమ్మా?" అని ఒకామె అడిగింది. తిండికి ముడిపెట్టాక ఇక ఇష్టం ఎక్కడిది! 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ప్రభుత్వం ఇచ్చే లబ్ధి విషయానికొచ్చేసరికి, కొన్ని షరతులతో అనుమతి లేకుండానే వాడుకోవచ్చని అదే చట్టం అంటుంది.

కొత్తగా చేరిన టీచర్లకి ఒక మాట. బిడ్డకి ఆధార్ లేదని ఎవర్నీ వెనక్కి పంపకండి, తల్లి ఆధార్ సరిపోతుంది. సెంటర్ ఫోన్‌కి లాక్ పెట్టుకోండి, గేములకని ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ తీయక తప్పకపోతే, పంపాక గ్యాలరీలోంచి కూడా తీసేయండి. గ్రూపులో డిలీట్ కొట్టినంత మాత్రాన మీ ఫోన్లోంచి పోదు.