రొయ్యల కాటా బిల్లింగ్‌ని పైథాన్ 2 నుంచి 3కి మార్పించుకున్నాం: 5కి మూడున్నర

ఇందుకూరుపేట దగ్గర మాది రొయ్యల కొనుగోలు పాయింట్. కాటా బిల్లింగ్ ప్రోగ్రామ్ 2012లో మా బావ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 2.7 వెర్షన్‌లో రాసిచ్చాడు, ఇన్నేళ్ళలో ఒక్కరోజు మొరాయించలేదు. పాత కంప్యూటర్ పోయాక కొత్తదాంట్లో అదే పెట్టమంటే, పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆగిపోయింది, 3కి మార్పించుకోండి అన్నారు. అలా నెల్లూరు ట్రంక్ రోడ్డు దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి ఇచ్చాం. తప్పులు చేశారు, వాటిని సరిదిద్దారు కూడా, అందుకే పేరు రాయడం లేదు.

పది రోజులన్నారు, తొమ్మిదో రోజుకే ఇచ్చారు. మొదటి రోజే బిల్లు మీద బరువుకి ముందు ఇంగ్లీషు బి అక్షరం, చుట్టూ కొటేషన్ గుర్తులు వచ్చాయి. కాటా నుంచి వచ్చే అంకెల్ని పైథాన్ 3 బైట్లుగా, అంటే అక్షరాలుగా మార్చని ముడి డేటాగా, తీసుకుంటుంది, పాతది అక్షరాలకీ బైట్లకీ ఆ తేడా చూసేది కాదు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో సరిచేశారు. ఇలా కంటికి కనపడే తప్పుతో నాకు ఇబ్బంది లేదు.

అసలు టెన్షన్ కౌంట్ దగ్గర వచ్చింది. రొయ్య తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్, కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. మేం రెండు కిలోల శాంపిల్ తీసి లెక్కపెడతాం. ఒక పెద్దాయన చెరువులో 85 రొయ్యలు తూగాయి. పాత ప్రోగ్రామ్ అయితే 85ని 2తో భాగించి 42 అనేది, ఎందుకంటే పైథాన్ 2లో రెండు పూర్ణాంకాల్ని భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది. పైథాన్ 3 మాత్రం 42.5 ఇస్తుంది. మా రేట్ల పట్టికలో 42.5 లేదు. పట్టికలో దొరక్కపోతే ఆఖరి రేటు, అంటే వంద కౌంట్ రేటు, వేసేలా బావ ఎప్పుడో రాశాడు. ప్రోగ్రామ్ ఆగలేదు, ఎర్రర్ చూపించలేదు, శుభ్రంగా బిల్లు ప్రింట్ చేసింది. పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి "ఏందబ్బయా ఇది, నాది వంద కౌంట్ రొయ్యా?" అన్నాడు. కిలోకి వంద రూపాయల పైనే తేడా, పట్టుబడి రెండు టన్నులు. ఆయన చూసుకోకపోయుంటే రెండు లక్షలు పోయేవి, మా మీద నమ్మకం కూడా పోయేది.

మరి టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదంటే, వాళ్ళు చూసింది 80 రొయ్యల శాంపిల్ ఒక్కటే. 80ని 2తో భాగిస్తే 40.0, పైథాన్‌కి 40.0 అన్నా 40 అన్నా ఒకటే కాబట్టి రేటు సరిగ్గా దొరికింది. సరి సంఖ్యలన్నీ పాసయ్యాయి, బేసి సంఖ్య వచ్చిన ప్రతి రైతూ నష్టపోయేవాడు. కోడ్‌ని మార్చిపెట్టే టూ-టు-త్రీ అనే టూల్‌ని నమ్ముకున్నారు, కానీ అది భాగహారం జోలికి పోదు, అక్కడున్నవి పూర్ణాంకాలో దశాంశాలో దానికి తెలిసే దారి లేదు.

దాన్ని సరిచేయడంలో మళ్ళీ తప్పు చేశారు. దగ్గరి పూర్ణాంకానికి సవరించే రౌండ్ అనే ఫంక్షన్ పెట్టి పంపారు. పైథాన్ 3 రౌండ్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న సరి సంఖ్యకి పోతుంది, అందుకని 83 తూగినాయనకీ 85 తూగినాయనకీ ఇద్దరికీ 42 కౌంటే వచ్చింది. పాత లెక్కలో మొదటాయనది 41. ఈసారి నేనే పట్టుకున్నాను. చివరికి భాగహారానికి ఒక స్లాష్ ఉన్నచోట రెండు స్లాష్‌లు పెట్టారు, అలా పెడితే పూర్ణాంకమే వస్తుంది, అంతే, పాత లెక్క తిరిగొచ్చింది.

తర్వాత వాళ్ళు చేసిన పని మాత్రం నాకు బాగా నచ్చింది. మా పాత బిల్లులు ఆరు వందలు తీసుకుని, పాత ప్రోగ్రామ్‌లో, కొత్తదాంట్లో నడిపి, వరుస వరుసా పోల్చారు. అందులో ఇంకోటి బయటపడింది. రైతు కాపీలో కాటా తూకాలన్నీ వస్తున్నాయి, మా కాపీలో ఖాళీ. మేం బిల్లు చేతికిచ్చాక మా కాపీ తీసి చూడం కదా, నెలాఖరు లెక్కల్లో గానీ తెలిసేది కాదు. ఆ పాత బిల్లులు మొదటి రోజు నుంచీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఇదేదో ముందే చేసుంటే ఆ పెద్దాయన ముందు నేను అలా నిలబడేవాణ్ణి కాదు. ఒకటిన్నర మార్కు తగ్గించింది అందుకే.

ఇప్పుడు రెండు నెలలుగా ఒక్క తేడా లేదు. ముత్తుకూరు పాయింట్‌లో కూడా ఇదే ప్రోగ్రామ్ మార్చాలి, ఆ పని కూడా వాళ్ళకే ఇస్తున్నాను. ఈసారి శాంపిల్స్ నేనే రాసిచ్చాను, సగానికి పైగా బేసి సంఖ్యలే.