‘మాస్ట్ బాగు చేయించాం’ అన్న మాట నమ్మి పాత చెక్క పడవ కొనేవారికి హెచ్చరిక

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత తెరచాప పడవ కొనాలనుకుంటున్న మన వాళ్లు డబ్బు చెల్లించే ముందు ఇది ఒక్కసారి చదవాలని కోరుతున్నాను. హుస్సేన్ సాగర్‌లో పడవ నడపడం నేర్చుకున్న నేను, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పూల్ రేవు ప్రాంతంలో స్థిరపడ్డాక, ఈ వసంతంలో ఒక వ్యాపారి దగ్గర ‘మిర్రర్’ అనే రకం చిన్న చెక్క తెరచాప పడవ కొన్నాను. 1962లో జాక్ హోల్ట్, బారీ బక్‌నెల్ రూపొందించిన ఈ 10 అడుగుల 10 అంగుళాల పడవలు 70,000కు పైగా తయారయ్యాయి కనుక పాతవి చవకగానే దొరుకుతాయి. మాస్ట్ (తెరచాపను మోసే నిలువు కర్ర) కింది భాగం పుచ్చితే మూరెడు మేర కొత్త చెక్క అతికించామనీ, దాన్ని నిలబెట్టే తీగలన్నీ కొత్తవేననీ వ్యాపారి చెప్పాడు, రసీదులోనూ రాశాడు. వార్నిష్ అద్దంలా మెరుస్తుంటే నేను అంతకు మించి పరీక్షించలేదు.

మూడోసారి నీటిలోకి వెళ్లినప్పుడు గాలి ఓ మోస్తరుగానే ఉంది. ముందు తెరచాప తాడు మా పన్నెండేళ్ల అమ్మాయి పట్టుకుంది. పడవను అటు నుంచి ఇటు తిప్పిన మరుక్షణం మాస్ట్ బూమ్‌కు (తెరచాప అడుగున ఉండే అడ్డకర్రకు) కొంచెం పైన ఫట్‌మని విరిగి, గాఫ్‌తో (తెరచాప పై భాగాన్ని పట్టి ఉంచే కర్రతో), తెరచాపతో సహా ఒరిగిపోయింది. ఆ గాఫ్ మా అమ్మాయి తలకు జానెడు దూరంలో పడింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. వేరే పడవ వారు తాడు కట్టి మమ్మల్ని ఒడ్డుకు లాగారు.

ఇంటికి తెచ్చి విరిగిన చోట వార్నిష్ గీకి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఇలాంటి అతుకుకు రెండు చెక్కలనూ ఏటవాలుగా చెక్కి, మందానికి ఎనిమిది రెట్లైనా, మాస్ట్‌కైతే పన్నెండు రెట్ల పొడవున కలపాలి. అంటే 5 సెంటీమీటర్ల మందానికి 60 సెంటీమీటర్ల అతుకు. నా మాస్ట్‌లో ఉన్నది బెత్తెడు కూడా లేదు. పుచ్చిన చెక్కను గట్టి చెక్క తగిలేదాకా కోసివేయకుండా, నల్లబడి పొడిపొడిగా రాలుతున్న దాని మీదే జిగురు పూసి, సందుల్లో లప్పం కూరి, పైన ముదురు రంగు వార్నిష్ వేశారు. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు) పాళ్లు సరిగా కలపకపోయినా, చలిలో వాడినా గట్టిపడదు. ఇక్కడ గోరుతో నొక్కితే నొక్కు పడుతోంది. ‘కొత్త’ తీగల్లో ఒకదానికి చుట్టిన టేపు విప్పితే, లోపల రెండు పోగులు తెగి ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. మాస్ట్ విరగకపోయినా ఏదో ఒకరోజు ఆ తీగ తెగేదే.

కనుక పడవ చూడటానికి వెళ్లినప్పుడు మాస్ట్‌ను పడవ మీది నుంచి దింపించి, నేల మీద పరిచి చూడండి. మరమ్మతు చేశామన్న చోట వార్నిష్ ముదురుగా ఉంటే ఎందుకో అడగండి. అమ్మేవారి అనుమతితో మాస్ట్ మొదలు దగ్గర, మరలు (స్క్రూలు) బిగించిన చోట్ల చుట్టూ సన్నటి మేకు మొన గుచ్చి చూడండి, ఎందుకంటే నీరు నిలిచేదీ, పుచ్చు మొదలయ్యేదీ అక్కడే. ఉప్పునీటిలో ఇత్తడి మరలు జింకు కోల్పోయి గులాబీ రంగుకు తిరిగి పెళుసవుతాయి కనుక వాటినీ గమనించండి. తీగల మీది టేపు విప్పడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వ్యాపారి దగ్గర కొన్న వస్తువు లోపంతో ఉంటే 30 రోజుల్లోగా తిరస్కరించి డబ్బు వాపసు కోరవచ్చు. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే ఈ హక్కు వర్తించదు. ‘చెక్క అన్నాక విరుగుతుంది’ అని మొదట కొట్టిపారేసిన వ్యాపారి, 24వ రోజున ఫొటోలతో, రసీదు నకలుతో ఉత్తరం పంపాక ముక్కలు చూస్తానని ఒప్పుకున్నాడు. వచ్చే శనివారం వస్తానన్నాడు. అందుకే విరిగిన రెండు ముక్కలనూ, ఆ తీగనూ అలాగే గోనెపట్టాలో చుట్టి షెడ్డులో ఉంచాను.