డిస్క్ జారింది సరే, ఇంజెక్షనా ఆపరేషనా?

మా బావ వరంగల్‌లో టైలర్. ఇరవై ఏళ్లకు పైగా మిషన్ తొక్కుతున్న కాలు ఓ రోజు పొద్దున పెడల్ మీద పెట్టగానే పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు గుంజింది. తుమ్మినా దగ్గినా అదే బాధ. చిటికెన వేలి వైపు పాదం అంచంతా తిమ్మిరి. "నడుం నొప్పా బావా?" అంటే "నడుం గాదురా బామ్మర్దీ, కాలు గుంజుతాంది" అన్నాడు. అప్పుడా మాట పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఆయన వెంట ఆసుపత్రులు తిరిగాక అర్థమైంది, ఏ చికిత్స పనిచేస్తుందో తేల్చేది ఆ ఒక్క మాటేనని.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పూర్ణం బూరె లాంటిది. బయట గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. పొర చీలి గుజ్జు బయటికొస్తే, పక్క నుంచి కాల్లోకి దిగే నరం నలుగుతుంది, దాని చుట్టూ వాపు కూడా వస్తుంది. పదింట తొమ్మిది కేసుల్లో ఇది నడుము అడుగున ఉండే ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 డిస్కుల దగ్గరే జరుగుతుంది (ఎల్ అంటే నడుం పూస, ఎస్ అంటే దాని కింది పూస). బావకి ఎల్5-ఎస్1. ఇంజెక్షన్ ఆ వాపును తగ్గిస్తుంది, ఆపరేషన్ నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేస్తుంది. రెండింటి వల్లా తగ్గేది ముఖ్యంగా కాలి నొప్పి. నొప్పంతా నడుములోనే ఉండి కాల్లోకి ఏమీ దిగనివాళ్లకు ఈ రెండిటితో ఒరిగేది తక్కువ. "కోత లేకుండా నడుము నొప్పి మాయం" అనే బోర్డులు చెప్పని సంగతి ఇదే.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎమ్మారై ఫిల్మ్ లైటుకు పెట్టి చూసి, బావను ముట్టుకోకుండానే "రేపు అడ్మిట్ అయిపోండి" అన్నారు. రెండో డాక్టరు ఫిల్మ్ పక్కన పెట్టారు. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు. సగం లేవకముందే బావ "అమ్మా" అన్నాడు. తర్వాత మునివేళ్ల మీద నడవమన్నారు, మడమల మీద నడవమన్నారు. ముక్కుతూ మూలుగుతూనే అయినా నడిచాడు. "బలం పోలేదు, కొంచెం ఆగి చూద్దాం" అన్నారాయన. ఫిల్మ్ ఒక్కటే చూసి ఎందుకు నిర్ణయించకూడదంటే, ఏ నొప్పీ లేనివాళ్లకు ఎమ్మారై తీసినా ఇరవై ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది. ఫిల్మ్‌లో కనిపించేదీ కాలు చెప్పేదీ ఒకటే కావాలి.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. నొప్పి మాత్రలు, వీలైనంత నడక, తర్వాత ఫిజియో. మంచానికి అతుక్కుపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. వింతేమిటంటే, బయటికి బాగా జారిన ముక్కే చాలాసార్లు దానంతటదే ఎక్కువగా కరుగుతుంది, శరీరం దాన్ని పరాయి వస్తువులా చూసి తినేస్తుంది. నెదర్లాండ్స్‌లో కాలి నొప్పి 6 నుంచి 12 వారాలుగా ఉన్న 283 మందిని రెండుగా విభజించి, సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లకు చేయకుండా ఆగి చూశారు. 2007లో ఫలితాలొచ్చాయి. ఆపరేషన్ వైపు వాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నామన్నారు. అయితే ఆగినవాళ్లలో 39 శాతం మంది మధ్యలో తట్టుకోలేక ఆపరేషన్‌కే వెళ్లారు. అంటే ఆపరేషన్‌తో కొనుక్కునేది చాలావరకు తొందరగా దొరికే ఉపశమనం. రోజుకూలి మీద బతికే మనిషికి అదేమీ చిన్న విషయం కాదు.

ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. మూత్రం రాకపోవడం, తెలియకుండానే మూత్రం పడిపోవడం, మలం ఆపుకోలేకపోవడం, తొడల మధ్య స్పర్శ పోవడం, రెండు కాళ్లూ చచ్చుబడటం. వీటిలో ఏది కనబడినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోవాలి, ఇంజెక్షనా ఆపరేషనా అని బేరీజు వేసే పని లేదు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వాయిదా వేయకూడదు.

బావకి నాలుగో వారం నిద్ర కరువైంది. అప్పుడు ఇంజెక్షన్ మాట వచ్చింది. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, నరం బయటికి వచ్చే సందు దగ్గరికి సన్నని సూది పంపి స్టెరాయిడ్, మత్తుమందు వదులుతారు. పని అరగంటలోపే, సాయంత్రానికి ఇంటికి. ఖర్చు ఆపరేషన్‌లో చిన్న వాటా. దీన్నీ, మైక్రోస్కోప్‌లో చూస్తూ ముక్క తీసే ఆపరేషన్‌నూ బ్రిటన్‌లో 163 మంది మీద పోల్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. 18 వారాల దగ్గర రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని ఇది మంత్రం కాదు. కొందరికి పనిచేయదు, కొందరికి కొన్ని వారాలకే నొప్పి తిరిగొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొద్ది రోజులు షుగర్ ఎగబాకుతుంది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. అరుదుగా నరాలకు తీవ్రమైన హాని జరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది కూడా. నా లెక్కలో ఇది గడువు కొనుక్కునే మార్గం. ముక్క కరిగేదాకా మనిషి నిద్రపోగలగాలి కదా.

ఇక ఆపరేషన్ తప్పదనుకుంటే ఎండోస్కోపీనా, మైక్రోస్కోపా? మైక్రోస్కోప్ పద్ధతి 1970ల నుంచీ ఉంది. రెండు మూడు సెంటీమీటర్ల కోత, సాధారణంగా పూర్తి మత్తు. ఎండోస్కోపీ అంటే సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి చేసేది, సెంటీమీటరు కన్నా చిన్న రంధ్రం, చాలాసార్లు మనిషి మెలకువగా ఉండగానే చేస్తారు, అదే రోజు పంపేయవచ్చు. వయసు మీదపడ్డవాళ్లకు, గుండె జబ్బుతో పూర్తి మత్తు ఇవ్వడం కష్టమైనవాళ్లకు ఇది నిజంగా మేలు. కానీ పక్క నుంచి వెళ్లే దారికి కొందరిలో ఎల్5-ఎస్1 దగ్గర తుంటి ఎముక అడ్డొస్తుంది, అప్పుడు దారి మార్చాలి. సర్జన్ చేయి తిరగడానికీ ఎక్కువ కాలం పడుతుంది. నెదర్లాండ్స్‌లోనే 613 మందితో జరిగిన మరో పరీక్ష 2022లో ఎండోస్కోపీ ఏమీ తీసిపోదని తేల్చింది, కాలి నొప్పిలో కాస్త మెరుగే. తేడా మాత్రం చిన్నది. అదే డిస్క్ మళ్లీ జారే ప్రమాదం రెండింటిలోనూ ఉంది. అందుకే నేనైతే రంధ్రం సైజు అడగను, "ఈ పద్ధతిలో మీరు ఎన్ని చేశారు సార్?" అని అడుగుతాను. ఈ ప్రశ్నకు చిరాకుపడే డాక్టరు దగ్గర ఆగను. ఆరోగ్యశ్రీ మీద వెళ్లేవాళ్లు, ఆ పద్ధతి వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోవాలి.

ఓజోన్, లేజర్ అని ఇంకో వరస ఉంది. డిస్క్‌లోకే సూది పంపి గుజ్జును కుంచింపజేసే పద్ధతులివి. ముక్క పూర్తిగా తెగి బయటపడ్డవాళ్లకు ఇవి సరిపడవు. ఆధారాలు కూడా పై రెండు ఆపరేషన్లకు ఉన్నంత గట్టివి కావు. ఇక్కడ బొప్పాయి కథ ఒకటి చెప్పాలి. బొప్పాయి పాల నుంచి తీసిన కైమోపపైన్ అనే ఎంజైమ్‌ను డిస్క్‌లోకి ఎక్కించి గుజ్జు కరిగించే వైద్యం 1960లలో మొదలైంది. 1982లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. కత్తి లేని వైద్యమని జనం ఎగబడ్డారు. కొందరిలో ప్రాణాపాయమైన అలర్జీ, నరాల నష్టం కనిపించాయి, 2003 నాటికి అక్కడ అమ్మకం ఆగిపోయింది. ఓజోన్‌కూ అదే గతి పడుతుందని కాదు గానీ, డబ్బు కట్టించుకునే ముందు ఫిల్మ్ చూపించి "నా ముక్క లోపలే ఉందా, తెగిందా?" అని అడిగి తెలుసుకోవాలి.

బావ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. మూడో రోజు నుంచి నిద్ర పట్టింది. అప్పటికీ నొప్పి తిరగబెడితే పన్నెండో వారంలో ఎండోస్కోపీకి వెళ్దామని పేరు కూడా రాయించాం. అంత దూరం రాలేదు. తిమ్మిరి మాత్రం చిటికెన వేలి దగ్గర కొంచెం మిగిలింది. అక్క మిషన్‌కి మోటారు పెట్టించింది. అలవాటు పోక, మోటారు తిరుగుతున్నా ఆయన కుడికాలు ఖాళీ పెడల్‌ను తొక్కుతూనే ఉంటుంది.