మెడ నొప్పికి ఇంజెక్షన్ల ప్యాకేజీ: సిరంజిలో ఏముందో తెలియకుండా మెడ అప్పగించకండి

మెడ కండరాల నొప్పితో నెలల తరబడి సతమతమవుతున్నవాళ్లందరికీ ఇది హెచ్చరిక. "6 సిట్టింగులు, 10 సిట్టింగులు, ముందే కడితే తగ్గింపు" అంటూ ఇంజెక్షన్లు అమ్మేచోట ముందుగా డబ్బు కట్టకండి. మొదటి సూదికి ఎంత తేడా వచ్చిందో చూడకుండా రెండోది కావాలో వద్దో ఏ డాక్టరూ చెప్పలేరు. అలాంటిది ఆరోది కూడా కావాలని మొదటిరోజే చెప్పారంటే అది రోగిని చూసి చెప్పిన మాట కాదు.

చాలామంది దెబ్బతినేది సూది తీసిన మొదటి పది నిమిషాల్లోనే. తల ఇటూ అటూ తిప్పమంటారు, నొప్పి ఉండదు, ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే మిగతా సిట్టింగులకు డబ్బు కట్టించుకుంటారు. ఆ సుఖం ఎక్కడిదంటే, సిరంజిలోని లిగ్నోకెయిన్‌ది. పన్ను పీకేముందు చిగురుకి ఇచ్చే తిమ్మిరి మందే ఇది. గంట, రెండు గంటలు పనిచేస్తుంది. అదే రకం మందు బూపివకెయిన్ అయితే ఇంకొన్ని గంటలు. అది దిగాక సూది గుచ్చిన చోట ఒకటి రెండు రోజులు సలుపు ఉంటుంది, అది మామూలే. అసలు ఫలితం తెలిసేది వారానికి. కాబట్టి బల్ల మీద నుంచి లేస్తూ ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఎంత బతిమాలినా వారం తర్వాత వస్తానని చెప్పి వచ్చేయండి.

ఇంతకీ ఈ ఇంజెక్షన్ ఏమిటో తెలిస్తే సగం మోసం దానంతటదే బయటపడుతుంది. కండరంలో తాడులా బిగిసిన పోగు ఒకటి వేలికి తగులుతుంది. దానిమీద ఒకచోట నొక్కితే అక్కడా నొప్పి పుడుతుంది, దూరంగా కూడా పాకుతుంది. భుజం పైనున్న ట్రెపీజియస్ కండరంలోని చోటు నొక్కితే నొప్పి మెడ పక్కగా ఎగబాకి కణత దాకా పోవడం బాగా తెలిసిన తీరు. దీన్నే ట్రిగర్ పాయింట్ అంటారు. డాక్టర్ ఆ చోటుని వేలితో వెతికి పట్టుకుని, 25 నుంచి 27 గేజ్ సన్న సూదితో (గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది) ఒక్కో చోట అర మిల్లీలీటరు నుంచి 1 మిల్లీలీటరు మందు వేస్తారు. సూది సరిగ్గా తగిలినప్పుడు కండరం ఒక్కసారి టక్కున అదురుతుంది. ఆ అదురు వచ్చినవాళ్లకే ఉపశమనం బాగుంటుందని ఈ పని చేసేవాళ్లలో చాలామంది అంటారు. వేలితో వెతకకుండా, వచ్చిన ప్రతి మనిషికీ ఒకే చోట్ల పెన్నుతో చుక్కలు పెట్టి గుచ్చేస్తున్నారంటే, అక్కడ ట్రిగర్ పాయింట్ వైద్యం జరగడం లేదు.

ఇంకో సంగతి. పనిచేసేది ఎక్కువగా సూదే, మందు కాదు. 1979లోనే కారెల్ లెవిట్ అనే చెక్ వైద్యుడు మందేమీ లేని ఉత్త సూదితో కూడా ఉపశమనం వస్తుందని రాశారు. తర్వాత ఉత్త సూదినీ తిమ్మిరి మందునీ పోల్చి చూసినప్పుడు పెద్ద తేడా కనిపించింది సలుపులోనే. మందు వేస్తే గుచ్చిన తర్వాతి సలుపు తక్కువ. అందువల్ల "మా దగ్గర ప్రత్యేక మిశ్రమం ఉంది" అన్న మాటకి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఓజోన్, నరాల బలానికని చెప్పే బి12 మిశ్రమాలు, మీ రక్తంలోంచే తీసి వేసే పీఆర్‌పీ, వీటిలో ఏదీ మామూలు మెడ కండరాల నొప్పికి సాదా సూదికంటే మేలని నిలబడిన ఆధారం లేదు.

ఆ "ప్రత్యేక మిశ్రమం"లో తరచూ ఉండేది స్టెరాయిడ్. ట్రయామ్సినోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, వీటిలో ఏదో ఒకటి. అన్నిటికంటే గట్టిగా హెచ్చరించాల్సింది దీని గురించే. కండరంలోని ట్రిగర్ పాయింట్‌కి స్టెరాయిడ్ కలపడం వల్ల అదనంగా వచ్చే లాభం రుజువు కాలేదు. నష్టాలు మాత్రం బాగా తెలిసినవే. గుచ్చిన చోట చర్మం తెల్లబడటం, కింది కొవ్వు కరిగి గుంట పడటం కొన్ని వారాల తర్వాత బయటపడతాయి. షుగర్ ఉన్నవాళ్లకి రోజుల తరబడి షుగర్ పెరిగిపోతుంది. ముఖం ఎర్రబడి వేడెక్కడం, రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోవడం, ఆడవాళ్లకి నెలసరి తప్పడం కూడా ఉంటాయి. నెలనెలా వేస్తూ పోతే శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. హెచ్ఐవీకి రిటోనవిర్ వాడేవాళ్లకి ట్రయామ్సినోలోన్ ఒక్క మోతాదుతోనే ఈ ప్రమాదం ఉంది.

బిల్లులో "పెయిన్ ఇంజెక్షన్" అని మాత్రమే రాస్తే స్టెరాయిడ్ ఉందో లేదో ఎలా పట్టుకోవాలి? ఒక ఆనవాలు ఉంది. మెడకి సూది వేయించుకున్నాక రెండు మూడు రోజులు మోకాలి నొప్పి, నడుము నొప్పి కూడా తగ్గి, ఒళ్లంతా హుషారుగా, ఆకలిగా అనిపిస్తే అనుమానించండి. లిగ్నోకెయిన్ అలా చేయదు. ఆ హుషారుని చూసే "ఇంత బాగా పనిచేసిందే" అని జనం ఇంకో ప్యాకేజీ కడుతున్నారు. షుగర్ ఉంటే సూదికి ముందు ఒకసారి, తర్వాత వారం పాటు రోజూ షుగర్ చూసుకోండి. ఆ అంకెలు అబద్ధం చెప్పవు. సిరంజిలోకి మందు తీసేటప్పుడు వయల్ (మందు సీసా) చూపించమనండి. లిగ్నోకెయిన్ నీళ్లలా తేటగా ఉంటుంది. ట్రయామ్సినోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్ పాలలా తెల్లగా, కింద మడ్డి పేరుకుని ఉంటాయి. డెక్సామెథసోన్ మాత్రం తేటగానే ఉంటుంది కాబట్టి రంగు చూసి నిశ్చింత పడకండి, పేరు చదవండి.

కొత్త సూది, కొత్త సిరంజి, మీ ఎదుటే సీలు తీయడం, ఇవి అడగడానికి మొహమాటపడకండి. 2012లో అమెరికాలో ఫంగస్‌తో కలుషితమైన మిథైల్ ప్రెడ్నిసోలోన్ వయల్స్ వల్ల 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. ఫంగస్ మందులోనే ఉంది, వేసినవాళ్ల చేతుల్లో కాదు. పేరూ బ్యాచ్ నంబరూ లేని మందుని వద్దనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

"మెడకి ఇంజెక్షన్" అనే ఒక్క మాట కింద పూర్తిగా వేరువేరు పనులు నడుస్తున్నాయి. కండరంలో వేసేది ఒకటి. వెన్నెముక కీళ్ల దగ్గర వేసే ఫాసెట్ ఇంజెక్షన్ వేరు. నరం మొదట్లో వేసే ఎపిడ్యూరల్ వేరు. తల వెనక నరానికి వేసే ఆక్సిపిటల్ బ్లాక్ వేరు. మెడ ఎపిడ్యూరల్ ఎక్స్‌రే యంత్రం కింద చూస్తూ చేయాల్సినది. వెన్ను దగ్గర వేసే స్టెరాయిడ్ల వల్ల అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. కేవలం కండరం పట్టేసినవాళ్లకి ఎపిడ్యూరల్ అవసరం లేదు. ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బు కనిపించిందని చెప్పి దానికి ఒప్పించబోతే ఆగండి. నొప్పే లేనివాళ్ల ఎంఆర్ఐల్లో కూడా వయసుతోపాటు అలాంటి ఉబ్బులు మామూలుగానే కనిపిస్తాయి.

కండరంలో వేసేదైనా నిర్లక్ష్యంగా చేస్తే ఊపిరితిత్తికి తగులుతుంది. ఊపిరితిత్తి కొన కాలర్ బోన్ కంటే 2, 3 సెంటీమీటర్లు పైకి ఉంటుందని చాలామందికి తెలియదు. భుజం పైన ట్రెపీజియస్‌లో వేసేటప్పుడు కండరాన్ని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి పైకెత్తి, ఆ పట్టులోనే అడ్డంగా గుచ్చాలి. భుజం మీద నిటారుగా కిందికి గుచ్చుతుంటే వెంటనే ఆపమనండి. బోర్లా గానీ పక్కకి గానీ పడుకోబెట్టి చేయాలి, కూర్చోబెడితే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. తల వెనక అడుగు భాగంలో మెదడుకి రక్తం తీసుకెళ్లే వెన్నుధమని ఉంటుంది, అక్కడ పిస్టన్ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోకుండా మందు వదలకూడదు. కొంచెం మందు నేరుగా ఆ ధమనిలోకి పోయినా మూర్ఛ రావచ్చు. అల్ట్రాసౌండ్ యంత్రం ఉందని అదనంగా తీసుకుంటే, సూది మొన తెరమీద కనబడుతుండగా వేస్తున్నారా అని చూడండి. ముందొకసారి చూసి పక్కన పెట్టేసే యంత్రానికి డబ్బు దండగ.

మోతాదు లెక్క కూడా తెలిసి ఉండటం మంచిది. ఎడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ కిలో బరువుకి 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మొత్తం 300 మిల్లీగ్రాములు మించకూడదు. 60 కిలోల మనిషికి 270 మిల్లీగ్రాములు. 1 శాతం ద్రావణమైతే అది 27 మిల్లీలీటర్లు, 2 శాతమైతే సగమే. నాలుగైదు చోట్లకి 5 మిల్లీలీటర్లు సరిపోతాయి కాబట్టి మామూలుగా ఈ హద్దు దరిదాపుల్లోకి రాము. ఒకే పూట మెడ, భుజాలు, వీపు, నడుము అంటూ ఇరవై ముప్పై చోట్ల వేస్తామన్నప్పుడే జాగ్రత్త. పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో గుయ్యిమనడం మొదలైతే అక్కడికక్కడే చెప్పండి.

కండరాన్ని సడలించే బొటాక్స్ సూది గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది దానికే. మెడ తనంతట తాను వంకర తిరిగిపోయే సర్వైకల్ డిస్టోనియాకి, నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ తలనొప్పి వేధించే దీర్ఘకాలిక మైగ్రేన్‌కి దానికి ఆమోదం ఉంది. మైగ్రేన్‌కి 31 చోట్ల 155 యూనిట్లు, 12 వారాలకోసారి. మామూలు మెడ కండరాల నొప్పికి ఉప్పునీటి సూదికంటే మేలని అధ్యయనాలు చూపలేదు. వేశాక తల నిలబెట్టలేనంత నీరసం, మెడ ముందుభాగం కండరాల్లో వేస్తే మింగలేకపోవడం రావచ్చు. ఆ నీరసం దిగడానికి వారాలు పడుతుంది, విరుగుడు సూది వేసి వెనక్కి తీసుకునేది కాదు. మయస్థీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. ఒక బ్రాండు యూనిట్లు ఇంకో బ్రాండు యూనిట్లతో సమానం కావు, కాబట్టి "ఎక్కువ యూనిట్లు తక్కువకే" అన్న లెక్కని నమ్మకండి.

సూదికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. చేతిలో బలం తగ్గడం, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పడిపోయాక మొదలైన నొప్పి, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంజెక్షన్ల మాట ఎత్తకుండా పూర్తి పరీక్ష చేయించుకోవాలి. ఎన్నడూ లేనంత తీవ్రంగా మెడలో ఒకపక్క హఠాత్తుగా నొప్పి వచ్చి, కనురెప్ప వాలినా, మాట తడబడినా అది మెడలోని రక్తనాళం చీలడం కావచ్చు, నిమిషం ఆలస్యం చేయకండి. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే చెప్పండి, సూది కోసమని మీ అంతట మీరు ఆపకండి.

ఇవేవీ లేవు, అయినా ప్రయత్నించాలా? ఆరేడు వారాలు పద్ధతిగా వ్యాయామం చేసినా కదలనివ్వని నొప్పి ఉంటే, నొక్కితే మీ నొప్పే తిరిగి పుట్టే చోటు ఒకటి రెండు ఉంటే, ఒక్కసారి చేయించుకోవడంలో తప్పులేదు. మొదట ఒక్కసారే, రెండోది కావాలో వద్దో ఫలితం చూశాకే. వ్యాయామం అంటే గంటలకొద్దీ అక్కర్లేదు. కుర్చీ పనివాళ్లతో చేసిన ఒక పరిశోధనలో (2011) సాగే రబ్బరు బ్యాండుని పాదాల కింద తొక్కిపట్టి, మోచేతులు కాస్త వంచి, రెండు చేతులూ పక్కలకి భుజం ఎత్తు దాకా లేపడం రోజుకి 2 నిమిషాలు, వారానికి 5 రోజులు, 10 వారాలు చేస్తే నొప్పి తగ్గింది. సూది ఇచ్చే రెండు మూడు వారాల వెసులుబాటు ఈ బ్యాండు పట్టుకోవడానికే. సూది రోజున మెడని అన్ని వైపులా మెల్లగా, పూర్తిగా కొన్నిసార్లు తిప్పండి. మూడు నాలుగు రోజులు బరువులెత్తకుండా ఆ తర్వాత బ్యాండు మొదలుపెట్టండి. ఇదేమీ చెప్పకుండా "నెల తర్వాత మళ్లీ రండి" అని పంపించేచోటికి మళ్లీ వెళ్లకండి.

ఫలితం కొలవడానికి కాగితం వాడండి, జ్ఞాపకాన్ని నమ్మకండి. సూదికి ముందు మూడు రోజులు, తర్వాత 7వ రోజు, 21వ రోజు, ఒకే వేళకి నొప్పికి 0 నుంచి 10 లోపు అంకె వేయండి. ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారో, గడ్డం ఏ భుజం వైపు ఎంత తిరిగిందో రాయండి. కనీసం 2 అంకెలు తగ్గకపోతే పనిచేయనట్టే. రెండు మూడుసార్లకీ అంతే అయితే నాలుగోది వద్దు.

ఇప్పటికే ప్యాకేజీ కట్టేసినవాళ్లు మిగిలిన సిట్టింగులకి డబ్బు వదులుకోలేక మెడ చాపకండి. వేసిన మందు పేరు, శాతం, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ కండరాలు, బ్యాచ్ నంబరు, తేదీ రాతపూర్వకంగా అడగండి. అది మీ వైద్య రికార్డు, ఇవ్వనంటే వాపసు అడగడానికి అదే మీ గట్టి కారణం. ఈలోగా సూది పడిన రోజుగానీ మర్నాడుగానీ ఛాతీలో పొడిచినట్టు నొప్పి, పొడి దగ్గు, ఊపిరి అందకపోవడం వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమోనని ఎమర్జెన్సీకి వెళ్లి, మెడకి సూది పడిందని మొదటి మాటగా చెప్పి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. రెండు రోజులు దాటాక గుచ్చిన చోట ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, అది మామూలు సలుపు కాదు, అదే రోజు చూపించుకోండి.