ఇంటికి ఆర్కేడ్ క్యాబినెట్ చేయించుకుంటున్నారా? ముందు ప్లగ్గుకు మూడో పిన్ను ఉందో లేదో చూడండి

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఆర్కేడ్ క్యాబినెట్, అంటే వీడియో గేమ్ షాపుల్లో ఉండే గేమ్ పెట్టె, ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున, మా ఆవిడ హాల్లో తడిగుడ్డ పెట్టి లోపలికెళ్లింది. నేల ఇంకా ఆరలేదు. వాడు చెప్పుల్లేకుండా వెళ్లి కంట్రోల్ ప్యానెల్ మీద చెయ్యి వేశాడు. షాక్ కొట్టి, ఒక్క కేక పెట్టి వెనక్కి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గుండె దడగానే ఉంది. విజయవాడ, గుంటూరు వైపు ఇలాంటి క్యాబినెట్లు చేయించుకుందామనుకునేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు. వాళ్ల కోసం, వాళ్లలాంటి మీ అందరి కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు ఈ పిచ్చి కొత్తది కాదు. బ్రాడీపేటలో ట్యూషన్ ఎగ్గొట్టి వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్లలు వేసి ‘ముస్తఫా’ ఆడినవాణ్ని. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనీ, 1993లో క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చిందనీ పెద్దయ్యాకే తెలిసింది. అందులో ముస్తఫా అనే పాత్ర ఉంది కాబట్టి మనందరికీ అది ముస్తఫా గేమే. మూడేళ్ల కింద రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, పాత ఎల్‌సీడీ మానిటర్, జపాన్ నుంచి తెప్పించిన సాన్వా కంపెనీ జాయ్‌స్టిక్కులు పెట్టి, బల్ల మీద కూర్చునే చిన్న క్యాబినెట్ ఒకటి నేనే చేసుకున్నాను. అది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. కానీ ఆ కాలపు గేముల బొమ్మలు గీసింది పిక్చర్ ట్యూబ్ కోసం. ట్యూబ్ మీద ఆ గీతల మధ్య కనిపించే మెత్తదనం ఎల్‌సీడీలో రాదు. అందుకే ఈసారి నిలబడి ఆడే పెద్ద క్యాబినెట్, ట్యూబ్‌తోనే కావాలనుకున్నాను. పిక్చర్ ట్యూబ్ పని నాకు రాదు, కాబట్టి చేయించుకోవడమే మేలనుకున్నాను.

వారధి దాటి విజయవాడ వెళ్లి ఒక వర్క్‌షాప్‌కు ఆర్డర్ ఇచ్చాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. 68,000కు మాట్లాడుకున్నాం. 50,000 అడ్వాన్స్ ఫోన్‌లోనే పంపాను. మూడు వారాలన్నది పదకొండు వారాలైంది. చివరికి ట్రాలీ ఆటోలో వచ్చింది. చూడటానికి మాత్రం ఎంత బాగుందో! పక్కల స్టిక్కర్లు, పైన వెలిగే బోర్డు, స్టీలు కంట్రోల్ ప్యానెల్. మిగతా 18,000 అక్కడికక్కడే ఇచ్చేశాను. రెండు రాత్రులు మా తమ్ముడూ నేనూ పన్నెండింటి దాకా ఆడాం. ఇద్దరి కాళ్లకూ రబ్బరు చెప్పులున్నాయి. అందుకే మాకేమీ తెలియలేదు.

అబ్బాయికి షాక్ కొట్టగానే ప్లగ్ పీకేసి వర్క్‌షాప్ అతనికి ఫోన్ చేశాను. ‘అది ఎస్‌ఎమ్‌పీఎస్ లీకేజీ సార్, అన్నిటికీ ఉంటుంది, మీ ఇంట్లో ఎర్తింగ్ చూయించుకోండి’ అన్నాడు. ఈ మాట మీకూ చెప్తారు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ఎస్‌ఎమ్‌పీఎస్ అంటే ఇంటి కరెంటును గేమ్ బోర్డుకు కావాల్సిన తక్కువ వోల్టులకు మార్చే పవర్ సప్లై. ఎర్త్ కలపని ఎస్‌ఎమ్‌పీఎస్ ఉన్న ఇనుప పెట్టెను తాకితే కాస్త చిమచిమలాడటం, టెస్టర్ పెడితే వెలగడం నిజమే. కానీ ఆ కరెంటు చాలా తక్కువ, దాంతో మామూలు బల్బు వెలగదు. మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి 40 వాట్ల ఫిలమెంట్ బల్బుకు ఒక వైరు ప్యానెల్‌కీ, ఇంకో వైరు ఇంటి ఎర్త్‌కీ తాకించాడు. బల్బు సగం వెలుతురుతో వెలిగింది. ‘ఇది లీకేజీ కాదయ్యా, లైనే వస్తోంది’ అన్నాడు, అంటే ఇంటి కరెంటే నేరుగా. ఈ పరీక్ష పని తెలిసినవాళ్ల చేతే చేయించండి, మీరు చెయ్యకండి.

వెనక తలుపు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆర్కేడ్ మానిటర్ అని చెప్పి పెట్టింది ఒక పాత డబ్బా టీవీ ట్యూబు, దాని బోర్డు. ఏవీ సాకెట్లు కూడా లేనంత పాతది. అలాంటి టీవీలు చాలావాటిలో ఇంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఏదీ లేకుండా నేరుగా డయోడ్ల మీదుగా బోర్డులోకి వెళ్తుంది. అంటే ఆ బోర్డులో గ్రౌండ్ అనేది మనం ముట్టుకోదగ్గ గ్రౌండ్ కాదు, అందులో లైన్ ఉంటుంది. టీవీగా ఉన్నంతకాలం చుట్టూ మూసిన డబ్బా ఉంటుంది కాబట్టి పర్వాలేదు. ఆర్కేడ్‌లో మాత్రం గేమ్ బోర్డు నుంచి వచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైర్లతో పాటు వాటి గ్రౌండ్‌ని కూడా దీనికి కలపాలి. అలా కలిపిన క్షణం నుంచి గేమ్ బోర్డు, బటన్లు, గ్రౌండ్ వైరు బిగించిన స్టీలు ప్యానెల్, అన్నీ లైన్‌లోకి వచ్చేస్తాయి. దీన్ని ఆపడానికే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. 230 వోల్టులు లోపలికి, 230 బయటికి. రెండు చుట్ల మధ్య వైరు కనెక్షన్ ఉండదు, అదే దాని పని. అసలైన ఆర్కేడ్ మానిటర్లలో కూడా చాలావాటికి ఇది తప్పనిసరి. నా క్యాబినెట్‌లో అది లేనే లేదు. ఎస్టిమేట్ కాగితంలో మాత్రం దానికి 3,500 వేశారు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇంకోటి. ప్లగ్గుకు పైన ఉండాల్సిన లావు పిన్ను, ఎర్త్ పిన్ను, లేదు. కోసేసినట్టు చక్కగా కనిపిస్తోంది. లోపల ఆకుపచ్చ వైరుని కత్తిరించి టేపు చుట్టారు. మర్చిపోయారేమో అనుకున్నాను. బాబాయ్ చెప్పాక అర్థమైంది. ఇలాంటి కనెక్షన్‌లో ప్యానెల్‌కి ఎర్త్ కలిపితే స్విచ్ వెయ్యగానే ఫ్యూజు పోతుంది, లేదా మెయిన్ ట్రిప్ అవుతుంది. అంటే వర్క్‌షాప్‌లో స్విచ్ వేసినప్పుడు ట్రిప్ అయి ఉండాలి. తప్పెక్కడుందో వెతకకుండా ఎర్త్ తీసేసి, మెషిన్ నడుస్తోందని మా ఇంటికి పంపారు. పిల్లలు ఆడుకునే వస్తువది.

మిగతా మోసాలు దీని ముందు చిన్నవే, అయినా చెప్పాలి. 18 ఎమ్ఎమ్ మెరైన్ ప్లైవుడ్ అన్నారు, వాడింది సన్‌మైకా అతికించిన ఎమ్‌డీఎఫ్. ఆగస్టు వానలకి అడుగు భాగం బిస్కెట్టులా ఉబ్బింది, మేకులు చేత్తో లాగితే ఊడి వస్తున్నాయి. ప్లైవుడ్ అంచు కోస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది, ఎమ్‌డీఎఫ్ అయితే పొర అనేదే లేకుండా గోధుమరంగు పొడి అదిమినట్టుంటుంది. సన్‌మైకా అతికించాక తేడా తెలియదు, కాబట్టి అతికించకముందే వెళ్లి చూడాలి. మెరైన్ గ్రేడ్ షీటు మీద ఐఎస్ 710 అని, ఐఎస్ఐ గుర్తు ఉంటాయి. ఐఎస్ 303 అంటే మామూలు కమర్షియల్ ప్లై. సాన్వా బటన్లు అన్నవి నకిలీవి. నా చిన్న క్యాబినెట్‌లోవి పక్కన పెట్టి నొక్కితే మా అబ్బాయి కూడా తేడా చెప్పేశాడు. ఒక పంచ్ బటన్ నొక్కితే పైకి లేవడం మానేసింది. గేమ్ మధ్యలో బోర్డు దానంతటదే రీసెట్ అవుతుంటే కొలిచి చూశాం. 5 వోల్టులు రావాల్సిన చోట 4.6 వస్తోంది. కారణం వైర్లు. క్యాబినెట్ వైర్లన్నిటినీ గేమ్ బోర్డుకి కలిపే జామా కనెక్టర్‌లో 56 పిన్నులుంటాయి, అందులో 5 వోల్టులకు నాలుగు పిన్నులు కేటాయించింది కరెంటు ఎక్కువ కావాలనే. వీళ్లు ఫోన్ వైరంత సన్నటి తీగ ఒక్కటే ఒక పిన్నుకు అతికించారు.

మా స్నేహితుడొకరు అక్కడే చిన్న క్యాబినెట్ చేయించుకున్నాడు. రాస్‌ప్‌బెర్రీ పై 4కు డబ్బు కట్టాడు, లోపల ఉన్నది పై 3. ఇది కనిపెట్టడం చాలా తేలిక. పై 4కు పవర్ సీ టైప్ పిన్నుతో వస్తుంది, చిన్న సైజు హెచ్‌డీఎమ్ఐ సాకెట్లు రెండుంటాయి. పై 3కి మైక్రో యూఎస్‌బీ, టీవీ వెనక ఉండేంత పెద్ద హెచ్‌డీఎమ్ఐ ఒక్కటే.

మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా చివరి డబ్బు ఇచ్చేముందు వెనక తలుపు తీయించండి. తీయనంటే డబ్బు ఆపండి. ట్యూబ్ జోలికి మాత్రం మీ చెయ్యి పెట్టకండి. రంగుల ట్యూబులో 20,000 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా చాలాసేపు నిలవుంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో చూపించమనండి. బరువైన ఇనుప దిమ్మలా ఉంటుంది కాబట్టి దాచడానికి వీలవదు. ఎర్త్ వైరు ప్లగ్గు నుంచి స్టీలు ప్యానెల్ దాకా, బిళ్లలు వేసే కాయిన్ డోర్ దాకా వచ్చిందో లేదో మీటరుతో చూపించమనండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే పెట్టించుకోండి. ఎమ్‌సీబీ ఉందిగా అని నేనూ ధీమాగా ఉండేవాణ్ని. ఎమ్‌సీబీ వైర్లు కాలిపోకుండా చూస్తుంది, మనిషికి షాక్ కొడితే కరెంటు ఆపదు.

బిల్లు విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. నా దగ్గరున్నది ఎస్టిమేట్ కాగితం, ఫోన్‌లో డబ్బు పంపిన రుజువులు, మెసేజీలు, అంతే. జీఎస్‌టీ నంబరున్న బిల్లు మీద ప్లైవుడ్ గ్రేడు, బటన్ల కంపెనీ, మానిటర్ రకం, ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ రాయించుకోండి. అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వకండి.

4,000 వెనక్కిస్తాను, ఇక ఫోన్ చేయొద్దని వర్క్‌షాప్ అతను మెసేజ్ పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు కాబట్టి గుంటూరులోనే వేశాను. కొన్న వస్తువు 5 లక్షల లోపుదైతే ఫీజు ఉండదు, రెండేళ్లలోపు వెయ్యాలి. లాయర్ లేకుండా నేనే రాసుకున్నాను.

ట్యూబు, టీవీ బోర్డు రెండూ తీయించేశాను. గేమ్ బోర్డుకి కంప్యూటర్ మానిటర్ తగిలించే వీజీఏ సాకెట్ ఉండటం అదృష్టం, పాత చదరం మానిటర్ ఒకటి కొని బిగించాం. కొత్త త్రీపిన్ ప్లగ్గు, ప్యానెల్‌కి ఎర్త్, లావు వైర్లు అన్నీ బాబాయ్ దగ్గరుండి చేయించాడు. బొమ్మ నేను కోరుకున్నంత అందంగా లేదు. అబ్బాయి మళ్లీ ఆడుతున్నాడు గానీ, ప్యానెల్ మీద చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ నా మొహం చూస్తాడు.

ఈ రెండు మూడేళ్లలో విజయవాడ వైపు ఎక్కడైనా పిక్చర్ ట్యూబ్ క్యాబినెట్ చేయించుకున్నవాళ్లుంటే, ఇవాళే ప్లగ్ తీసి ఎర్త్ పిన్ను ఉందో లేదో చూడండి. లేకపోతే మళ్లీ సాకెట్‌లో పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.